వేరే దేశంలో వదిలేసిన పిల్లల కోసం హోమ్ నడపడం ఎలా?

"ఫలానా దేశంలో దిక్కులేని పిల్లల కోసం ఒక హోమ్ పెడుతున్నాం, ఎలా నడపాలి?" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. అందరూ స్థలం, భవనం, దాతల గురించే అడుగుతారు. నిజానికి హోమ్‌లు చెడేది అక్కడ కాదు. బిడ్డ ఫైలు ఖాళీగా ఉండి చెడతాయి, రాత్రి షిఫ్టులో మనిషి లేక చెడతాయి, బిడ్డను తిరిగి పంపే ఆలోచనే లేక చెడతాయి. అందుకే ఈ మూడింటి గురించే ఇక్కడ ఎక్కువగా ఉంటుంది.

ఒక విషయం మొదటే తెలుసుకోండి. ఇలాంటి హోమ్‌ల్లో ఉన్న పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉంటారు. ఇంట్లో జబ్బో, అప్పో, బిడ్డకు వైకల్యమో, పెళ్లికాకుండా తల్లయిన అమ్మాయికి భయమో ఉంటుంది. కాబట్టి మీ హోమ్‌ను బిడ్డకు మజిలీగా నడపండి, శాశ్వత చిరునామాగా కాదు. కింద చెప్పే ప్రతి పనీ ఆ లెక్కన చెప్పిందే.

అసలు పెట్టొచ్చా?

ముందు ఇది తేల్చుకోండి. చాలా దేశాలు పెద్ద ఆశ్రమాలను తగ్గించుకుంటూ వస్తున్నాయి. కెన్యా 2017లో కొత్త బాలల సంస్థల రిజిస్ట్రేషన్ ఆపేసింది. పిల్లలను కుటుంబాల్లోకి మార్చడానికి 2022 నుంచి 2032 దాకా జాతీయ ప్రణాళిక పెట్టుకుంది. రువాండా 2012లోనే ఆ దారి పట్టింది. అలాంటి చోట కొత్త భవనం కడితే లైసెన్సు రాదు, కట్టిన ఖర్చు తిరిగి రాదు. అప్పుడు ఆ డబ్బుతో చేయగలిగినవి మూడున్నాయి: పిల్లలను తాత్కాలికంగా పెంచే కుటుంబాలకు శిక్షణ, నెలవారీ సాయం; పనికెళ్లే ఒంటరి తల్లుల పిల్లలకు పగటి సంరక్షణ కేంద్రం; ఇప్పటికే లైసెన్సున్న సంస్థలో సోషల్ వర్కర్ జీతం. మూడోది దాతలకు రుచించదు, కానీ అన్నిటికంటే ఎక్కువమంది పిల్లలను ఇల్లు చేర్చేది అదే.

కావలసినవి

- ఆ దేశంలో రిజిస్టరైన స్థానిక సంస్థ. బోర్డులో సగానికి పైగా అక్కడివాళ్లే ఉండాలి.
- పిల్లలను ఉంచుకునే లైసెన్సు. సంస్థ రిజిస్ట్రేషన్ వేరు, ఇది వేరు. మొదటిది చేతికి రాగానే పిల్లలను చేర్చుకోవడం చాలామంది చేసే తప్పు.
- మీకు పని చేయడానికి చెల్లే వీసా. పర్యాటక వీసా మీద వచ్చి హోమ్ నడిపితే, మిమ్మల్ని పంపేసిన రోజున పిల్లలు మళ్లీ దిక్కులేనివాళ్లవుతారు.
- స్థానిక భాష, యాస తెలిసిన అర్హతగల సోషల్ వర్కర్. ఈ మనిషి దొరక్కపోతే హోమ్ తెరవకండి.
- దగ్గరి ఆసుపత్రితో రాతపూర్వక ఒప్పందం.
- కనీసం ఆరు నెలల ఖర్చుకు సరిపడా నిల్వ, విడి ఖాతాలో.
- 10 గ్రాముల తేడా పట్టే శిశువుల తూకం, పొడవు కొలిచే బల్ల, జబ్బ చుట్టుకొలత టేపు, డిజిటల్ థర్మామీటర్, ఓఆర్‌ఎస్, జింక్ మాత్రలు, నీటిలో క్లోరిన్ చూసే కిట్, తాళం పడే ఇనుప బీరువా.

1. తలుపు దగ్గర కట్టడి

ఏ బిడ్డను చేర్చుకోవాలో మీరు నిర్ణయించకూడదు. ఆ దేశపు బాలల సంక్షేమ అధికారో, కోర్టో నిర్ణయించాలి. ఎవరైనా రాత్రిపూట బిడ్డను గేటు దగ్గర వదిలి వెళ్తే లోపలికి తీసుకోండి, వెంటనే పోలీసులకు, సంక్షేమ అధికారికి ఫోన్ చేయండి, 24 గంటల్లోపు రాతపూర్వకంగా తెలపండి, అత్యవసర ఉత్తర్వు అడగండి. ఉత్తర్వు లేకుండా గడిచిన ప్రతి రోజూ చట్టం దృష్టిలో మీరు ఆ బిడ్డను అక్రమంగా ఉంచుకున్నట్టు కావచ్చు.

పిల్లలను తెచ్చేవాళ్లకు డబ్బివ్వకండి. బస్సు ఖర్చు కూడా వద్దు. ఒకరికిచ్చారని తెలిస్తే పల్లెల్లో తిరిగి పిల్లలను "పోగుచేసే" మధ్యవర్తి తయారవుతాడు. తల్లిదండ్రులకు చదువు ఆశ చూపి, కాగితాల మీద బిడ్డను అనాథగా మార్చి అప్పజెప్పే వ్యాపారం చాలా దేశాల్లో ఉంది. ఒకే మనిషి రెండోసారి బిడ్డతో వస్తే, దయగలవాడని మురిసిపోకుండా అధికారికి చెప్పండి.

తల్లి స్వయంగా వచ్చి "పెంచలేను" అంటే కూర్చోబెట్టి మాట్లాడండి. పేదరికం ఒక్కటే కారణమైతే బిడ్డను ఇంటి నుంచి విడదీయకూడదని ఐక్యరాజ్యసమితి 2009 మార్గదర్శకాలు చెబుతున్నాయి. అద్దె, పాలపొడి, మందులు కొన్ని నెలలు ఇస్తే చాలేమో లెక్క వేయండి. హోమ్‌లో ఒక బిడ్డ ఏడాది ఖర్చు పక్కన ఆ లెక్క పెట్టి చూడండి.

2. మొదటి గంట

స్నానం, కొత్త బట్టలు, ఫొటో అన్నీ తర్వాత. ముందు ఊపిరి, ఒళ్లు వేడి, తాగగలుగుతుందా లేదా చూడండి.

- రెండు నెలల లోపు బిడ్డకు ఒళ్లు 37.5 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకు మించినా, 35.5 కంటే తగ్గినా, పాలు తాగడం మానేసినా, మూర్ఛ వచ్చినా, ఊపిరి పీల్చేటప్పుడు డొక్కలు లోపలికి పోతున్నా నేరుగా ఆసుపత్రికి.
- ఒళ్లు చల్లబడితే వేడినీళ్ల సీసాలు పెట్టకండి, కాలుతుంది. బిడ్డ బట్టలు తీసి, ఒంటికి ఒళ్లు తగిలేలా ఆయా రొమ్ముకు ఆనించి, తలకు టోపీ పెట్టి, పైన దుప్పటి కప్పండి.
- 6 నుంచి 59 నెలల పిల్లలకు ఎడమ జబ్బ మధ్యలో టేపు చుట్టి చూడండి. 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువుంటే తీవ్ర పోషకాహార లోపం. 11.5కూ 12.5కూ మధ్య ఉంటే మధ్యస్థం. రెండు పాదాల మీద బొటనవేలితో మూడు సెకన్లు నొక్కండి. గుంట అలాగే ఉండిపోతే నీరు పట్టినట్టు, అదీ తీవ్రమే.

ఇక్కడ ప్రాణం తీసే తప్పు ఒకటుంది. తీవ్ర పోషకాహార లోపంతో ఎండిపోయిన బిడ్డను చూసి జాలితో కడుపునిండా పెట్టేస్తారు. ఆ శరీరం దాన్ని తట్టుకోలేదు, గుండె ఆగిపోవచ్చు. ఆసుపత్రి చేరేదాకా తక్కువ మోతాదులో, రెండు మూడు గంటలకోసారే ఇవ్వండి. విరేచనాలున్నా ఇలాంటి బిడ్డకు మామూలు ఓఆర్‌ఎస్ మీరు మొదలుపెట్టకండి, అందులో ఉప్పు ఎక్కువవుతుంది. ఆసుపత్రిలో వేరే ద్రావణం ఇస్తారు.

3. మొదటి 72 గంటలు: ఫైలు

బిడ్డ ఎవరో తెలుసుకునే అవకాశం రోజురోజుకూ తగ్గిపోతుంది. సాక్షులు మరిచిపోతారు, బట్టలు ఉతికేస్తారు, బిడ్డ తన భాషే మరిచిపోతుంది. మూడు రోజుల్లో ఈ కింది వివరాలన్నీ కాగితం మీదికి రావాలి:

- ఎక్కడ, ఎన్ని గంటలకు, ఎవరికి దొరికింది. "మార్కెట్ దగ్గర" అని రాస్తే చాలదు. ఏ గేటు, ఏ అంగడి ముందు, ఎవరు మొదట చూశారు.
- ఒంటి మీది బట్టలు, తాయెత్తు, చేతి దారం, చుట్టిన గుడ్డ. వేటినీ ఉతక్కుండా ఆరబెట్టి కాగితపు సంచిలో పెట్టి, తేదీ రాసి సీలు వేయండి. ప్లాస్టిక్ సంచిలో తేమకు బూజు పడుతుంది.
- పుట్టుమచ్చలు, మచ్చలు, టీకా మచ్చ, చెవి కుట్టిన తీరు. ముఖం ఫొటో అదే రోజు తీయాలి. మూడు నెలల తర్వాత తిండి పడి ముఖం మారిపోతే తల్లి కూడా గుర్తుపట్టలేకపోవచ్చు.
- మాటలొచ్చిన బిడ్డైతే ఏ భాష, ఏ యాస. అమ్మను ఏమని పిలుస్తుంది, ఏం తినేది, ఇంటి దగ్గర ఏ జంతువులు, బడికి ఏ దారిన వెళ్లేది. "మీ ఊరేది?" అని అడిగితే చిన్నపిల్లలు చెప్పలేరు. "పొద్దున్న నీళ్లు ఎక్కణ్ణుంచి తెచ్చేవాళ్లు?" అంటే చెబుతారు. పాడే పాట, చెప్పే లెక్క రికార్డు చేసి ఆ ప్రాంతాల మనుషులకు వినిపించండి. ఊరు దొరికిపోతుంది.

పేరు మార్చకండి. బిడ్డ తన పేరు చెబితే అదే పేరు. అసలు తెలియకపోతే స్థానిక పేరే, అధికారి సమక్షంలో, "తాత్కాలికం" అని రాసి పెట్టండి. మీ భాషలోనో, దాత కోరినట్టో, మీ మతాన్ని బట్టో పెట్టే పేరు బిడ్డ ఇంటి దారి మీద గోడ కడుతుంది. పేరు, జాతీయత, కుటుంబ సంబంధం నిలుపుకోవడం 1989 బాలల హక్కుల ఒడంబడిక 8వ అధికరణం ఇచ్చిన హక్కు.

వయసు ఎప్పుడూ "అంచనా" అనే రాయండి. కింది ముందుపళ్లు దాదాపు ఆరు నెలలకు, మొదటి శాశ్వత దంతం దాదాపు ఆరేళ్లకు వస్తాయి. పోషణ బాగాలేని పిల్లల్లో ఆలస్యం కావచ్చు. మణికట్టు ఎక్స్‌రే రెండేళ్లు అటూ ఇటూ తప్పగలదు. జనన నమోదుకు వెంటనే దరఖాస్తు పెట్టండి. అది లేకపోతే పరీక్ష హాలు టికెట్టు దగ్గర్నుంచి పాస్‌పోర్టు దాకా అన్నీ ఆగిపోతాయి.

ఫైలు రెండు ప్రతులు: ఒకటి బీరువాలో, ఒకటి సంక్షేమ శాఖలో. మీ ఫోన్‌లో కాదు.

4. టీకాలు, పరీక్షలు

కార్డు లేకపోతే టీకాలు వేయలేదనే అనుకుని, డాక్టరు చెప్పిన వరుసలో మళ్లీ మొదలుపెట్టండి. హెచ్‌ఐవీ పరీక్ష విషయంలో మాత్రం జాగ్రత్త. 18 నెలల లోపు బిడ్డ రక్తంలో తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు ఉండొచ్చు. మామూలు పరీక్షలో పాజిటివ్ వచ్చినంత మాత్రాన బిడ్డకు వైరస్ ఉన్నట్టు కాదు, వైరస్‌నే నేరుగా వెతికే పీసీఆర్ పరీక్ష చేయించాలి. ఈ సంగతి తెలియక పసిపిల్లలను వేరే గదిలో పెట్టి, ఫైలు మీద ఎర్రసిరా ముద్ర వేసిన హోమ్‌లున్నాయి. ఫలితం డాక్టరుకు, సోషల్ వర్కర్‌కు, ఆ బిడ్డను చూసే ఆయాకు తెలిస్తే చాలు.

5. పాలు, నీళ్లు

వారం దాటిన శిశువుకు రోజుకు కిలో బరువుకు దాదాపు 150 మిల్లీలీటర్లు. నాలుగు కిలోల బిడ్డకు 600. ఎనిమిది సార్లకు పంచితే ఒక్కో సారికి 75. నెలలు నిండకుండా పుట్టినవాళ్లకు, మొదటి వారం పసికందులకు డాక్టరు లెక్క వేరు.

పాలపొడి క్రిమిరహితం కాదు. నీళ్లు మరిగించి, అరగంటకు మించి చల్లారకుండా, కనీసం 70 డిగ్రీల వేడి ఉన్నప్పుడే పొడి కలపండి. తర్వాత సీసాను చల్లటి నీళ్లలో పెట్టి చల్లార్చి, మణికట్టు మీద చుక్క వేసి చూసి తాగించండి. రెండు గంటల్లో తాగని పాలు పారబోయండి. డబ్బాలో వచ్చిన చెంచానే వాడాలి. పొడి పొదుపు చేయడానికి పలుచగా కలిపితే బిడ్డ ఎండిపోతుంది, మూర్ఛ కూడా రావచ్చు. బొద్దుగా అవుతుందని చిక్కగా కలిపితే ఒంట్లో నీరు తగ్గి మూత్రపిండాల మీద భారం పడుతుంది. సీసాను దిండుకు ఆనించి వెళ్లిపోవడం పూర్తిగా మానిపించండి: ఊపిరాడక పోవచ్చు, చెవికి చీము పట్టవచ్చు, పైగా ఆ బిడ్డను ఎత్తుకునే సమయమే రోజులో అది. ఏడాది లోపు తేనె నాకించకండి.

తాగునీటిలో క్లోరిన్ వేసిన అరగంట తర్వాత లీటరుకు దాదాపు అర మిల్లీగ్రాము మిగిలి ఉందా, కిట్‌తో చూడండి. ట్యాంకు దగ్గర కాదు, బిడ్డ గ్లాసు ముంచే కుండ దగ్గర చూడాలి.

6. మనుషులు, షిఫ్టులు

"పదిమంది పిల్లలకు నలుగురు ఆయాలు చాలు" అనుకుంటారు. లెక్క వేయండి. పదిమందిలో ముగ్గురు రెండేళ్ల లోపువాళ్లనుకుందాం. పగలు 14 గంటలు ముగ్గురు ఉండాలి: వారానికి 294 గంటలు. రాత్రి 10 గంటలు ఇద్దరు: 140. మొత్తం 434. ఒకరు వారానికి 48 గంటలు పనిచేస్తే తొమ్మిది మంది. సెలవులు, జబ్బులు, శిక్షణ కలిపితే పది, పదకొండు. వంటమనిషి, కాపలాదారు ఇందులో లేరు. బడ్జెట్‌లో సగానికి పైగా జీతాలకే పోతుంది. అలా పోవాలి కూడా. దాతలు భవనం మీద పలక చూస్తారు గానీ రాత్రి రెండింటికి లేచి పాలు కలిపే మనిషిని చూడరు.

ప్రతి బిడ్డకూ సొంత ఆయా ఉండాలి, ఆమెకు ఒక ప్రత్యామ్నాయం ఉండాలి. స్నానం, నిద్ర, ఆసుపత్రి వీళ్లిద్దరితోనే. రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లో 2000 ప్రాంతంలో మొదలైన ఒక పరిశోధన ఆశ్రమాల్లోని 136 మంది పసిపిల్లలను ఎంచుకుంది. వాళ్లలో రెండేళ్లు నిండేలోపు పెంపుడు కుటుంబానికి వెళ్లినవాళ్లే బాగా కోలుకున్నారు. కాబట్టి మూడేళ్ల లోపు బిడ్డ వచ్చిన రోజే కుటుంబం కోసం వెతుకులాట మొదలవ్వాలి. అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను వేరే ఇళ్లలో పెట్టకండి.

7. ఇంటి భద్రత

ఏ పెద్దమనిషీ బిడ్డతో మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు. ఈ నియమం మీకూ, బోర్డు అధ్యక్షుడికీ, మత గురువుకూ, డాక్టరుకూ వర్తిస్తుంది. ఉద్యోగంలో చేర్చుకునే ముందు పోలీసు ధ్రువపత్రంతో పాటు పాత యజమానికి మీరే ఫోన్ చేయండి. పిల్లలు ఫిర్యాదు చెప్పుకోవడానికి హోమ్‌కు సంబంధం లేని ఒక మనిషి నంబరు పిల్లల ఎత్తులో గోడ మీద ఉండాలి.

దొంగల భయంతో కిటికీలకు ఊచలు వేసి, రాత్రి తలుపుకు తాళం వేసి, తాళంచెవి కాపలాదారు జేబులో పెట్టడం ఎక్కడ చూసినా కనబడేదే. మంట లేస్తే అదే ఉరి. రెండో దారి, లోపలి నుంచి తెరుచుకునే ఊచలు, తలుపు పక్కనే తాళంచెవి ఉండాలి. మూడు నెలలకోసారి, ఒకసారైనా రాత్రిపూట, గడియారం పెట్టి ఖాళీ చేయించి చూడండి.

8. డబ్బు

బిడ్డకు ఇంత అని తల లెక్కన విరాళం తీసుకోకండి. అలా తీసుకుంటే బిడ్డ ఇంటికి వెళ్లిన నెలలో మీ ఆదాయం పడిపోతుంది. ఎవరూ కావాలని చేయకపోయినా పంపడం వాయిదా పడుతూ ఉంటుంది. హోమ్ మొత్తం ఖర్చుకు, లేదా సోషల్ వర్కర్ జీతానికి, పంపిన తర్వాతి సాయానికి అని అడగండి. ఇప్పటికే తల లెక్కన తీసుకుంటుంటే, బిడ్డ ఇల్లు చేరాక కూడా ఏడాదిపాటు ఆ విరాళం కొనసాగేలా దాతతో ముందే రాయించుకోండి.

చెక్కు మీద రెండు సంతకాలు, ఆ రెండూ ఒకే కుటుంబంవి కాకూడదు. మారకపు రేటు పడితే తట్టుకోవడానికి పది శాతం విడిగా పెట్టండి. డబ్బు పంపే దేశపు చట్టం, అందుకునే దేశపు చట్టం రెండూ చూపించి ఆడిటర్ నుంచి రాతపూర్వక సలహా తీసుకోండి. విదేశీ విరాళానికి చాలా చోట్ల ముందస్తు అనుమతి కావాలి.

9. చూసిపోయేవాళ్లు

వారానికో కొత్త వాలంటీర్ వచ్చి ఎత్తుకుని ముద్దాడి వెళ్లిపోతే పిల్లలు వారానికోసారి మళ్లీ వదిలివేతకు గురవుతారు. ఎవరు వచ్చినా పరుగెత్తి మెడకు వేలాడే బిడ్డను చూసి "ఎంత ప్రేమో" అంటారు. అది ఎవరూ తనవాళ్లు కాని బిడ్డ లక్షణం. 2017లో ఆస్ట్రేలియా పార్లమెంటరీ కమిటీ ఆధునిక బానిసత్వంపై ఇచ్చిన నివేదికలో అనాథాశ్రమ పర్యాటకాన్నీ చర్చించింది. సాయానికి వచ్చినవాళ్లను పిల్లల దగ్గరకు కాకుండా ఆయాల శిక్షణకు, ఖాతాలకు, మరమ్మతులకు వాడుకోండి. ముఖాలు కనబడే ఫొటోలు వద్దు. అతిథికి "ఈ పాపను దత్తతిస్తాం" అని మాట ఇవ్వకండి. 1993 హేగ్ ఒప్పందం ప్రకారం అంతర్దేశ దత్తత అనేది సొంత దేశంలో తగిన కుటుంబం దొరకనప్పటి మాట, దాన్నుంచి ఎవరూ అనుచిత లాభం పొందకూడదు.

10. తిరిగి పంపడం

మూడు నెలలకోసారి ప్రతి ఫైలునూ సంక్షేమ అధికారితో కలిసి సమీక్షించండి. అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ బిడ్డ ఇంకా ఇక్కడెందుకు ఉంది? కుటుంబం దొరికితే వెంటనే బస్సెక్కించకండి. ముందు ఇంటిని చూడాలి, తర్వాత అక్కడివాళ్లు వచ్చి కలవాలి, తర్వాత ఒక రాత్రి, ఒక వారం, ఆ తర్వాతే పూర్తిగా. బంధువని వచ్చినవాళ్ల మాట ఫైలులోని సీలు వేసిన వివరాలతో సరిపోవాలి; ఆ వివరాలు మీరు ముందుగా చెప్పకూడదు. అనుమానముంటే డీఎన్‌ఏ పరీక్షకు అధికారిని అడగండి. పంపాక మొదటి వారం, నెల, మూడు, ఆరు, పన్నెండు నెలలకు వెళ్లి చూడండి. ఎక్కువగా బెడిసికొట్టేది బడి ఫీజు దగ్గర, సవతి తల్లో తండ్రో ఉన్న ఇంట్లో.

పద్ధెనిమిదేళ్లకు బయటికి వెళ్లేవాళ్లకు పదిహేనులోనే తయారీ మొదలవ్వాలి: గుర్తింపు కార్డు, బ్యాంకు ఖాతా, వంట, బేరం, అద్దె ఒప్పందం చదవడం.

బాగా నడుస్తోందా? ఇలా చూసుకోండి

- పసిపిల్లల గది నిశ్శబ్దంగా ఉందా? మంచిది కాదు. ఏడ్చినా ఎవరూ రారని తెలిసిన పిల్లలు ఏడవడం మానేస్తారు.
- శిశువుల తల వెనుక భాగం చదునుగా ఉందా? రోజంతా వెల్లకిలా పడుకోబెట్టి వదిలేస్తున్నారు. నిద్రకు వెల్లకిలా సరైనదే. మెలకువగా ఉన్నప్పుడు ఎత్తుకోవాలి, బోర్లా ఆడించాలి.
- తూకం రిజిస్టరులో అంకెలు ప్రతివారం గుండ్రంగా ఉన్నాయా? తూచకుండా రాస్తున్నారు. మీరే ముగ్గురిని తూచి చూడండి. మొదటి మూడు నెలల శిశువు రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరగాలి.
- రాత్రి రెండింటికి చెప్పకుండా వెళ్లండి. ఎంతమంది మేలుకుని ఉన్నారో లెక్కపెట్టండి.
- ఏదో ఒక ఫైలు తీసి, ఆ బిడ్డ సంగతి ఏమీ తెలియని మనిషికి ఇవ్వండి. బిడ్డ ఎక్కడ దొరికింది, ఎవరిని వెతికారు, చివరిసారి ఎప్పుడు వెతికారు అన్నవి పది నిమిషాల్లో చెప్పలేకపోతే ఆ ఫైలు ఖాళీ కిందే లెక్క.

ఎప్పుడైనా హోమ్ మూసేయాల్సి వస్తే సామాను పంపకానికంటే ముందు ఫైళ్లు, సీలు వేసిన సంచులు సంక్షేమ శాఖకు జాబితాతో అప్పగించి రసీదు తీసుకోండి. ముప్పై ఏళ్ల మనిషి వచ్చి "నన్ను చుట్టి తెచ్చిన గుడ్డ ఉందా?" అని అడిగే రోజు రావచ్చు.